పున్నమి వెన్నెల్లో బాస్ చేప పడుతుందా, అమావాస్యకే వెళ్లాలా? (లేక్ ఫోర్క్, టెక్సస్)

ఇర్వింగ్ కుర్రాడు
అందరికీ నమస్కారం. వసంతంలో పగటిపూట చిన్న బాస్‌లు బాగానే పడ్డాయి. జులై వచ్చాక పగలు పడవలో కూర్చోలేకపోతున్నాం, చేపలూ ముట్టడం లేదు. రాత్రి వెళ్దామంటే రూమ్మేట్ పున్నమి దాకా ఆగమంటాడు. ఆఫీసులో ఒకాయన వెన్నెల ఉంటే అసలు వెళ్లొద్దంటాడు. మాకు లేక్ ఫోర్క్ గంటన్నర పైనే డ్రైవ్, ఊరికే పోయి రాలేం. ఎవరి మాట వినాలి?

వలరాజు
అమావాస్యకి వెళ్లు. ఇందులో చర్చే లేదు. మా నాన్న, పెదనాన్న చెరువులో వల కట్టి మమ్మల్ని చదివించారు. వెన్నెల రాత్రుల్లో వల ఖాళీగా వస్తుందని మా ఇంట్లో పసిపిల్లలకీ తెలుసు. ఆ నాలుగు రోజులూ వలలు ఒడ్డున పరుచుకుని చిరుగులు కుట్టుకునేవాళ్లు. చేపకి కళ్లున్నాయి బాబూ.

బాస్ బాబాయ్
వలరాజు గారూ, వల చేపకి కనబడకూడదు. ఎర కనబడాలి. మీరు చెప్పిన కారణంతోనే నేను పున్నమి అంటాను.

కుర్రాడికి వివరంగా చెప్తాను. జులైలో ఫోర్క్ పైనీళ్లు 85 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా కాగుతాయి. పగలు బాస్ లోతుకో, నీడకో పోయి కదలకుండా ఉంటుంది. చీకటి పడ్డాక మేతకి పైకొస్తుంది. పున్నమి నాడు పొద్దుగుంకే వేళకే చంద్రుడు లేస్తాడు కాబట్టి తెల్లవార్లూ వెలుగు ఉంటుంది. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఎండాకాలం పున్నమి చంద్రుడు నడినెత్తికి రాడు, దక్షిణాన కిందుగా సాగిపోతాడు. అందుకని దక్షిణపు గట్టున ఉన్న చెట్ల నీడ నీళ్ల మీద పొడుగ్గా పడుతుంది. ఆ నీడ అంచులోపల బాస్ మాటు వేసి, వెలుగులో తిరిగే షాడ్ అనే చిన్న చేపల్ని చూస్తూ ఉంటుంది. నీడలోకి విసిరి, వెలుగులోకి లాగాలి. నల్ల స్పిన్నర్‌బెయిట్ (లాగుతుంటే రేకు తిరిగే ఎర), పెద్ద గుండ్రటి కొలరాడో రేకు ఒక్కటి ఉన్నది, నెమ్మదిగా లాగాలి. రేకు ఒక్కో చుట్టూ తిరుగుతున్నట్టు రాడ్ పట్టుకున్న చేతికి తెలియాలి. తెలియడం ఆగిపోయిందంటే చేప నోట్లో ఉందన్నమాట, వెంటనే రాడ్ గట్టిగా గుంజాలి.

వలరాజు
ఎర కనబడాలంటారు, మళ్లీ నల్లది కట్టమంటారు. రాత్రి పూట నల్లది కనబడడం ఏంటండీ?

బాస్ బాబాయ్
చేప కిందనుంచి పైకి చూస్తుంది. పైన ఆకాశం వెలుగ్గా ఉంటుంది. ఆ వెలుగుకి అడ్డంగా నల్లటి ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది, తెల్లది కలిసిపోతుంది. ఇక్కడ రాత్రి చేపలు పట్టేవాళ్ల పెట్టె తెరిచి చూడండి, సగం నలుపే.

వలరాజు
మరి ఎర మీద వెన్నెల పడదా? పడితే తెల్లది మెరవదా?

బాస్ బాబాయ్
పైవైపు పడుతుంది. చేప చూసేది కింది వైపు.

వలరాజు
చేప ఎప్పుడూ కిందే ఉంటుందా? పక్కనుంచి రాదా?

గార్లండ్ గీత
మీరిద్దరూ ఆ నల్ల ఎరని వదిలేస్తే ఆ అబ్బాయికి జవాబు దొరుకుతుంది :)

సోలూనార్ శీను
ఫోన్‌లో సోలూనార్ యాప్ చూసుకో తమ్ముడూ, చంద్రుణ్ణి బట్టి చేపలు తినే వేళలు చెప్తుంది. చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడూ, సరిగ్గా మన కాళ్ల కింద అవతలివైపు ఉన్నప్పుడూ చేపలు ఎక్కువ తింటాయని 1926లోనే జాన్ ఆల్డెన్ నైట్ లెక్క కట్టాడు. నేను దాని ప్రకారమే వెళ్తాను.

గార్లండ్ గీత
ఆ యాప్ మా ఆయన దగ్గరా ఉంది. శనివారం వచ్చిందంటే చాలు, "అద్భుతం" అని చూపిస్తుంది.

ఎమరీ రోడ్డు
టెక్సస్ రికార్డు బాస్ ఈ ఫోర్క్‌లోనే పడింది. 1992 జనవరి, 18.18 పౌండ్లు. పట్టిన బ్యారీ సెయింట్ క్లెయిర్ అసలు బాస్ కోసం వెళ్లనేలేదు, క్రాపీ అనే వేరే చేపల కోసం మినో (ఎరగా వాడే చిన్న చేప) వేసుకుని కూర్చున్నాడు. పున్నమీ లేదు, నల్ల స్పిన్నర్‌బెయిటూ లేదు.

ఆస్టిన్ అన్న
నా ఓటు డాక్ లైట్లకి, అంటే ఒడ్డున పడవలు కట్టుకునే చెక్క వేదికల మీది లైట్లకి. వెన్నెల లేని రాత్రి ఒడ్డున ఎవరింటి డాక్ మీద లైటు వెలిగినా పురుగులు చేరతాయి, పురుగులకి షాడ్, షాడ్‌కి బాస్. చుట్టూ చీకటి ఉంటేనే ఆ లైటుకి విలువ. పున్నమికి సరస్సంతా వెలుగే కదా, చేప ఒక్కచోట నిలబడదు. కాబట్టి వలరాజు గారు చెప్పింది రైటే, కారణం మాత్రం వేరు.

వలరాజు
రైటే అన్నారుగా, చాలు.

బాబాయ్ గారూ, పున్నమి వెలుగులో అంతా కనిపిస్తుందన్నారు. పోయిన వేసవిలో పున్నమికే ఒక పెద్దమనిషి పడవలో వెళ్లాం. ఫోర్క్ డ్యామ్ 1980లో కట్టినప్పుడు చెట్లు కొట్టకుండా నీళ్లు వదిలారని, ఎండిన మోడులు ఇంకా నీళ్లలో ఉన్నాయని ఆయనే చెప్పాడు. చెప్పి, పావుగంటలో ఒక మోడుకి గుద్దాడు. ప్రొపెల్లర్ రెక్క వంగింది. ఖర్చులో సగం నేనిచ్చాను.

బాస్ బాబాయ్
ఆ పెద్దమనిషిని నేనే. చాటుగా చెప్పడం దేనికి. ఆ మోడు నీటిమట్టానికి బెత్తెడు లోపల ఉంది, మిట్టమధ్యాహ్నమైనా కనబడేది కాదు. పడవ దారి విడిచి వాగు పాయలోకి వెళ్దామన్నది ఎవరు? డబ్బులు నేను అడగలేదు, మీరే చేతిలో పెట్టారు.

సోలూనార్ శీను
ఓహో. సంగతి అదన్నమాట.

వలరాజు
సంగతి అది కాదు. డబ్బు పోతే పోయింది. పడవలో మా నాన్న కూడా ఉన్నాడు, ఆ మాట చెప్పరేం?

బాస్ బాబాయ్
ఉన్నారు. ఆయనకి ఒకరోజు లైసెన్సు ఆన్‌లైన్‌లో తీసిందీ నేనే. ఆయన పట్టిన చేపని కొలిచాను, స్లాట్‌లో ఉంది, వదిలేయమన్నాను. ఫోర్క్‌లో 16 అంగుళాల లోపుదీ, 24, ఆ పైదీ ఉంచుకోవచ్చు. మధ్యలోది వదలాలి. అది నా రూలు కాదు, ప్రభుత్వానిది.

వలరాజు
అది పదహారు లేదు. మీరు తోక నొక్కి కొలిచారు.

బాస్ బాబాయ్
నొక్కే కొలవాలి. నోరు మూసి, తోక రెక్కలు రెండూ దగ్గరికి నొక్కి, ఎంత పొడుగొస్తే అంత. వార్డెన్ (చేపల రూల్స్ చూసే అధికారి) వచ్చినా అలాగే కొలుస్తాడు.

వలరాజు
నొక్కకపోతే పదిహేనున్నర.

బాస్ బాబాయ్
నొక్కాలి కాబట్టి పదహారుంపావు. జరిమానా మీ నాన్నగారి పేరు మీద పడేది.

గార్లండ్ గీత
ముప్పావు అంగుళం కోసం ఏడాదిగా మోస్తున్నారా ఇద్దరూ?

వలరాజు
గీతక్కా, ముప్పావు అంగుళం గొడవ కాదిది. ఆ చేపని వదిలేశాం, సరే, రూలంటే రూలు. తర్వాత ఇంకోటి పడింది. పదమూడు అంగుళాలు, ఎలా నొక్కినా పదమూడే. మా నాన్న దాన్ని మొప్పల దగ్గర పట్టుకుని, "కోడలికి ఇస్తే పులుసు పెడుతుంది" అన్నాడు. ఈయన ఆ చేపని చేతిలోంచి తీసుకుని నీళ్లలో వేసి, "ఇక్కడ బాస్‌ని తినరు సార్, అలాంటి పని చేస్తే నవ్వుతారు" అన్నాడు. నలభై ఏళ్లు చేపలు పట్టి బతికిన మనిషి. ఒక్క మాట మాట్లాడలేదు. ఒడ్డుకి వచ్చేదాకా గాలం మళ్లీ ముట్టలేదు. ఇండియా వెళ్లేదాకా, "మళ్లీ చేపలకి వెళ్దామా నాన్నా" అంటే "నాకు ఇక్కడి పద్ధతి తెలియదురా" అనేవాడు.

ఎమరీ రోడ్డు
పదమూడు అంగుళాలది ఉంచుకోవచ్చు. రోజుకి అయిదు.

బాస్ బాబాయ్
ఉంచుకోవచ్చని నాకూ తెలుసు. నా పడవలో చేపని చంపను, అంతే. నేను వచ్చిన కొత్తలో మనవాళ్లు కొందరు ఒడ్డున బకెట్ల నిండా ఇంతింత చేపపిల్లల్ని కూడా వేసుకుని పోతుంటే, పక్కనున్న తెల్లవాళ్లు మా అందర్నీ ఒకేలా చూసేవాళ్లు. ఒకసారి ఒకడు నా ముందే వార్డెన్‌కి ఫోన్ చేశాడు, నా దగ్గర ఒక్క చేప కూడా లేదు. అప్పటినుంచి నాకు ఈ పట్టుదల. పెద్దాయన్ని అవమానించాలని కాదు.

వలరాజు
తెల్లవాళ్లు ఏమనుకుంటారోనని మా నాన్న చేతిలో చేప లాక్కున్నారు. మీ నోటితో మీరే చెప్పారు.

ఆస్టిన్ అన్న
వలరాజూ, అది కొంచెం ఎక్కువైంది.

గార్లండ్ గీత
ఎక్కువేం కాలేదు, మాట బయటికొచ్చింది. బాబాయ్ గారూ, మీరు నియమం నియమం అంటారు కాబట్టి చెప్తున్నాను. స్లాట్ పెట్టిందే మధ్య సైజుని కాపాడి, చిన్నవాటిని జనం తీసుకెళ్లాలని. చిన్నవి మరీ ఎక్కువైతే మేత చాలక ఏదీ పెరగదు. అందరూ అన్నీ వదిలేస్తుంటే స్లాట్ సగం పనే చేస్తుంది. ఇంకోటి, జులైలో వదిలినవన్నీ బతుకుతాయా? వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. చేప లైన్ మీద ఎంతసేపు పెనుగులాడితే అంత అలిసిపోతుంది, పైగా ఫోటో కోసం గాల్లో పట్టుకుంటారు. ఈదుకుంటూ పోయింది కదా అని మనం చేతులు కడుక్కుంటాం, మర్నాడు ఎక్కడో తేలుతుంది. పులుసులో పడితే అయినా నలుగురు తినేవాళ్లు.

సోలూనార్ శీను
తినే ముందు చూసుకోండి. క్యాడో సరస్సు బాస్‌కి పాదరసం హెచ్చరిక ఉంది.

గార్లండ్ గీత
క్యాడో వేరు, ఫోర్క్ వేరు శీనూ. ఏ సరస్సుకి ఏ హెచ్చరికో వెళ్లే ముందే చూసుకోవాలి, కాదనను.

బాస్ బాబాయ్
గీత గారూ, నేను రాత్రి వెళ్లేదే అందుకు. పగటికంటే నీళ్లు కాస్త చల్లబడతాయి. గట్టి లైన్ వేసి చేపని త్వరగా తెస్తాను, కొక్కెం ముళ్లు నొక్కేస్తాను, నీళ్లలోంచి ఎత్తకుండానే విప్పుతాను. ఫోటోలు తీయను. మీరు చెప్పేది చేపల్ని సరిగ్గా పట్టనివాళ్ల గురించి.

గార్లండ్ గీత
నేను అడిగింది పదమూడు అంగుళాల చేప గురించి.

బాస్ బాబాయ్
నా పడవలో నా పద్ధతి. ఆ మాట ఎక్కే ముందే చెప్పాను.

వలరాజు
నాకు చెప్పారు. ఆయనకి చెప్పలేదు. నాకు చెప్పింది కూడా ఇంగ్లీషులో, ట్రక్కు దిగుతూ, "క్యాచ్ అండ్ రిలీజ్ ఓన్లీ" అని. ఆయనకి తెలుగులో ఒక్క ముక్క చెప్పుంటే, "సరే బాబూ" అని నవ్వేసి పట్టేవాడు, వదిలేవాడు.

ఇర్వింగ్ కుర్రాడు
సారీ అండీ, నా వల్ల ఇంత గొడవ అయింది. చివరిగా అడుగుతున్నాను. ఈ శనివారం చంద్రుడు సగమే ఉంటాడు. వెళ్లొచ్చా?

ఎమరీ రోడ్డు
వెళ్లు. సగం చంద్రుడు అర్ధరాత్రికి దిగిపోతాడా, అప్పుడే లేస్తాడా అన్నది ముందే చూసుకో, వెన్నెల ఉన్నంతసేపూ నీడలు, లేనప్పుడు డాక్ లైట్లు. మొదటిసారి కాబట్టి పగలుండగానే నీళ్లలో దిగి, ఆ ఒక్క పాయలోనే ఉండు, మోడులు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకో. ముందు ఎరుపు, ఆకుపచ్చ లైట్లు, వెనక తెల్ల లైటు వెలుగుతున్నాయో లేదో పడవ నీళ్లలోకి దింపే ర్యాంప్ మీదే చూసుకో. లైఫ్ జాకెట్ వేసుకునే ఉండు, సీటు కింద పెట్టకు. ఒడ్డు పొదల దగ్గర కాలు పెట్టేటప్పుడు టార్చ్ వేసి చూడు, కాటన్‌మౌత్ అనే విషప్పాములు ఉంటాయి.

ఆస్టిన్ అన్న
దోమల మందు.

బాస్ బాబాయ్
నల్ల స్పిన్నర్‌బెయిట్ నా దగ్గర ఒకటి అదనంగా ఉంది. కావాలంటే శుక్రవారం సాయంత్రం ప్లానోలో వచ్చి తీసుకో.

వలరాజు
తెల్లది నేనిస్తాను తమ్ముడూ. రెండూ వేసి చూసి ఇక్కడ రాయి. పదహారు లోపుది పడితే మా ఇంటికి తీసుకురా, పులుసు మా ఆవిడ పెడుతుంది.

మోడరేటర్
తోక కొలత మీద పెట్టిన పోస్టులు కొన్ని వేరే చర్చకి మారుస్తున్నాను. పేర్లు పెట్టి తిట్టుకున్న రెండు తీసేశాను. ఈ చర్చ తెరిచే ఉంటుంది, నాన్నగారి విషయం మీరిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకోండి.

వలరాజు
ఫోన్ నంబర్ ఆయన దగ్గర ఉంది.