చర్చ: సరుకు బండి మీద కంపెనీ యాడ్ ఉంటే తప్పేంటి? 1934లో అమెరికా వాటిని ఆపేయడం కరెక్టేనా?

సుబ్బు_హెచ్ఓ
అందరికీ నమస్తే, చికాగో దగ్గర నుంచి. నిన్న ఇక్కడ స్వాప్ మీట్‌లో, అంటే బొమ్మ రైళ్లు అమ్ముకునే సంతలో, 15 డాలర్లు పెట్టి ఒక రీఫర్ మోడల్ కొన్నా, ఊరగాయల కంపెనీ పేరుతో, ముద్దొచ్చేస్తోంది, ఫోటోలు పెట్టా. రీఫర్ అంటే తెలియని వాళ్లకి: మాంసం, వెన్న, పళ్లు పాడవకుండా ఐసు గడ్డల మీద పంపే చెక్క వ్యాగన్. రెండు కొసల్లో ఐసు తొట్లు, పైకప్పు మీద మూతలు తీసి ఐసూ ఉప్పూ పోసేవాళ్లు. 1920ల్లో వీటి పక్కల మీద కంపెనీలు ఇంత లావు అక్షరాలతో యాడ్లు వేయించుకునేవి, పసుపు మీద, నారింజ మీద, బొమ్మలతో సహా. హైంజ్ ఊరగాయల వాళ్లయితే అంతకుముందు నుంచే వేసుకున్నారు, మిల్వాకీ బీరు కంపెనీలు సరేసరి. బిల్‌బోర్డ్ రీఫర్లు అంటారు, మన ఊళ్లలో గోడ మీద రాతలుంటాయే, ఆ గోడకి చక్రాలు పెట్టినట్టు.
1934లో ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ (అప్పట్లో అక్కడ రైల్వే కిరాయిలు, రూల్స్ చూసే గవర్నమెంటు సంస్థ) ఇలాంటి బండ్లని రైల్వేలు తీసుకోకూడదని తేల్చేసింది, ఉన్నవాటికి కొన్నేళ్లు గడువిచ్చారు, ఆ దశాబ్దం చివరికి అన్నీ మాయం. నాకు అర్థం కానిదొకటే, బొమ్మ వేసుకుంటే ఎవడికి నష్టం? గవర్నమెంటుకి పని లేక చేసిన పని కాదా ఇది?

కాజీపేట_కుర్రోడు
అన్నా మస్తున్నయి ఫోటోలు. ఇప్పుడు అక్కడ బండ్ల మీద అన్నీ గ్రాఫిటీలే కదా, యాడ్ బంద్ జేస్తే గదొచ్చింది 😀

గూడ్స్‌షెడ్_మాస్టారు
సుబ్బూ, బొమ్మ గురించి కాదు నాయనా ఆ గొడవంతా. ముందు ఆ బండి ఎవరిదో చూడు. అమెరికాలో బండి నంబరు ముందు అక్షరాలుంటాయి, చివర ఎక్స్ ఉంటే అది రైల్వేది కాదు, ప్రైవేటు వాళ్లది. ఈ యాడ్ బండ్లలో చాలావాటికి చివర ఎక్సే. అలాగని ఊరగాయల కంపెనీదీ కాదు, మధ్యలో బండ్లు అద్దెకిచ్చే కంపెనీలున్నాయి, వాళ్లది.
ప్రైవేటు బండి తన పట్టాల మీద నడిచినందుకు రైల్వే వాడే బండి ఓనరుకి మైలుకింత అని కట్టాలి, నిండుగా పోయినా ఖాళీగా పోయినా సరే. దాన్ని మైలేజీ అంటారు. ఓనరు ఏం చేశాడూ, ఆ మైలేజీ డబ్బు సరుకు పంపే పార్టీకి అద్దెలో కోసేయడం, ఎక్కువ తిరిగితే చేతికి ఇవ్వడం మొదలెట్టాడు. అంటే పైకి చూస్తే అందరికీ ఒకే కిరాయి, లోపల మాత్రం కొందరికి వాపసు. ఇలా వాపసులివ్వడం 1903 ఎల్కిన్స్ చట్టం నాటి నుంచే నేరం. యాడ్ ఏమిటంటే పార్టీని లాగడానికి వేసిన ఎర, "మా బండి తీసుకో, నీ పేరు దేశమంతా తిప్పుతాం" అని. 38 ఏళ్లు గూడ్స్ ఆఫీసులో కూర్చున్నవాణ్ణి, వాపసు వాసన నాకు దూరం నుంచే తెలుస్తుంది.

సుబ్బు_హెచ్ఓ
మాస్టారూ మీ సర్వీసు మీద గౌరవంతోనే అడుగుతున్నా, వాపసు తప్పయితే వాపసు ఆపాలి కదా, పెయింట్ ఎందుకు ఆపడం? దొంగ ఎర్ర చొక్కా వేసుకొచ్చాడని ఊళ్లో ఎర్ర చొక్కాలు బ్యాన్ చేస్తారా?

శ్రావణి_లెటరింగ్
చర్చ సంగతేమో గానీ డిజైన్ వైపు నుంచి ఒక మాట. ఆ చెక్క బండ్లకి నిలువు పలకలు పక్కపక్కనే బిగించి ఉంటాయి, పక్కంతా చదునుగా సైన్ పెయింటర్‌కి అచ్చంగా బోర్డులా దొరుకుతుంది, అందుకే అక్షరం అంత బాగా కూర్చుంది. ఇంకోటి, 1934 తర్వాత బండ్ల మీద యాడ్లు పూర్తిగా పోయాయి అనకండి, రైల్వేలు తమ సొంత యాడ్లు వేసుకుంటూనే ఉన్నాయి. శాంటా ఫే రైల్వే 1940 నుంచి బాక్స్‌కార్ (పెట్టెలా అన్ని వైపులా మూసున్న సరుకు బండి) ఒక పక్కన తమ రూట్ మ్యాపు, రెండో పక్కన తమ ప్యాసింజర్ రైళ్ల పేర్లు రాసుకుంది. లాకవానా రైల్వే వాళ్లు తమ యాడ్లలో వాడే అమ్మాయి ఫీబీ స్నో పేరు రాసుకున్నారు.

సుబ్బు_హెచ్ఓ
థాంక్యూ శ్రావణి గారూ!! ఇదీ పాయింటు. రైల్వే వాడు తన బండికి యాడ్ వేసుకుంటే ముద్దు, ఊరగాయలోడు వేసుకుంటే నేరం. మాస్టారు దీనికేమంటారో చూద్దాం.

గూడ్స్‌షెడ్_మాస్టారు
అనడానికేముంది, తన బండి మీద తన పేరు, అందులో వాపసు ఎవరికివ్వాలి? నీ పెయింట్ ప్రశ్నకి కూడా చెప్తా. శాంటా ఫే బండిలో ఎవడైనా సరుకు వేస్తాడు, వాడికేం అభ్యంతరం? ఒక వెన్న కంపెనీ పేరు అడుగున్నర అక్షరాలతో రాసున్న బండి న్యూయార్కులో ఖాళీ అయ్యిందనుకో, ఇంకో వెన్న కంపెనీవాడు అందులో తన సరుకు వేస్తాడా? శత్రువు యాడ్‌ని తన డబ్బుతో మోయడమే కదా. ఇక ఖాళీగానే రావాలి. పెయింట్ సంగతి కమిషన్ దాకా పోయింది అందుకే.

సుబ్బు_హెచ్ఓ
వేయడు అని మీరంటున్నారు. వేయనన్న ఒక్కడిని చూపించండి. ఒక్కడిని. సరుకు తొందరగా పోవాలంటే పేరు ఎవడు చూస్తాడండీ.

లారీ_రాంబాబు
నేనున్నా. వేయనన్నవాణ్ణి కాదు, వేయించుకోలేకపోయినవాణ్ణి.
మాది విజయవాడ, మూడు లారీలుండేవి. ఒక సిమెంటు కంపెనీ వాళ్లు బండికి మా పేరు, మా రంగు వేయించుకో, ట్రిప్పులు గ్యారంటీ, పెయింట్ ఖర్చు మాదే అన్నారు, కంపెనీ పేరు చెప్పను. సంబరపడి మూడింటికీ వేయించా, మా ఆవిడ గుమ్మడికాయ కూడా కొట్టింది. పోయేటప్పుడు లోడు బానే ఉంది, వచ్చేటప్పుడే నరకం. హైదరాబాదులో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు బ్రోకరు బండి చూసి "నీ ఒంటి నిండా వాళ్ల పేరుంటే వీళ్ల గోడౌన్ గేటు ఎవడు తీస్తాడు రాంబాబూ, ఎంటీ కొట్టుకుపో" అనేవాడు. వేరే సిమెంటు కంపెనీ సంగతి వదిలెయ్, టైల్స్ వాళ్లు కూడా ఎక్కించుకోలా. రిటర్న్ లోడ్ లేకపోతే లారీ బతుకేంటో లారీ ఉన్నోడికే తెలుస్తది, డీజిలూ టోలూ డ్రైవర్ బత్తా అన్నీ నా మీదే. ఆర్నెల్లకి ఒక బండి ఫైనాన్స్ వాడు పట్టుకుపోయాడు. మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం.

సుబ్బు_హెచ్ఓ
రాంబాబన్నా బాధపడ్డావు, కాదనను, కానీ విజయవాడ లారీ 1934 అమెరికాకి సాక్ష్యమెలా అవుద్ది? పైగా మీరిద్దరూ ఒకటి మర్చిపోతున్నారు. చికాగో, ఒమాహాలో పశువుల్ని కోసి మాంసం తూర్పు ఊళ్లకి పంపేవాళ్లు. అటు నుంచి ఇటు రావడానికి మాంసం లేదు, కొక్కేలు బిగించి నెత్తురు వాసనొచ్చే బండిలో వేరేవాడు ఏం వేస్తాడు? యాడ్ ఉన్నా లేకపోయినా ఆ బండి ఖాళీగానే వచ్చేది. మరి పెయింట్ వల్ల ఖాళీ అయ్యిందన్న వాదన ఎక్కడ నిలబడింది?

లారీ_రాంబాబు
మాంసం బండి సరే, వెన్న బండి సంగతి చెప్పు. జున్ను బండి? దాన్లో నెత్తురు లేదుగా.

కాజీపేట_కుర్రోడు
మన దగ్గర ట్రైన్ మొత్తం యాడ్ స్టిక్కర్ చుట్టేస్తున్నరు, ఇంజన్‌కు కూడా. గది మరి ఏం కేసు?

గూడ్స్‌షెడ్_మాస్టారు
అది రైల్వే తన బండిని అద్దెకిచ్చుకుంటోంది బాబూ, డబ్బు రైల్వేకొస్తుంది. ఇక్కడ డబ్బు రైల్వే నుంచి పోతోంది. తేడా అదే.
సుబ్బూ, మాంసం బండి ఖాళీగా వచ్చేదని నువ్వే ఒప్పుకున్నావు, సంతోషం. ఆ ఖాళీ బండిని లాగిందెవరు, రైల్వే. దానికి మైలేజీ కట్టిందెవరు, రైల్వే. రైల్వేకి ఆ డబ్బు ఎక్కడిది? సొంత బండి లేక, అద్దె బండీ లేక, మామూలు కిరాయి కట్టి సరుకు పంపుకున్న చిన్నవాడి దగ్గరది. నీ షెల్ఫులో మెరిసే ఆ పసుపు రంగుకి పెయింట్ ఖర్చు పెట్టుకుంది వాడే. అన్నట్టు, నీ దగ్గర బీరు బండ్లు ఎన్నున్నాయి?

సుబ్బు_హెచ్ఓ
22. ఎందుకు?

గూడ్స్‌షెడ్_మాస్టారు
1920లో మద్యనిషేధం వచ్చింది, 1933 ఏప్రిల్‌లో గానీ బీరు మళ్లీ రాలేదు, మరుసటేడు కమిషన్ తీర్పు. నువ్వు చెప్పే బంగారు 1920ల్లో బీరే లేదు. మరి 22 బీరు బండ్లు ఎప్పుడు తిరిగాయో? బొమ్మల కంపెనీలు అమ్ముడుపోతుందని ఇష్టమొచ్చిన పేర్లు వేసి అమ్ముతాయి, అవి చూసి మనం చరిత్ర అనుకుంటాం.

సుబ్బు_హెచ్ఓ
మాస్టారూ ఇది పర్సనల్ అయిపోతోంది. 1920కి ముందు కూడా బీరు బండ్లున్నాయి, అది మీకు తెలిసీ వదిలేశారు. మీరు జీవితమంతా రైల్వే కుర్చీలో కూర్చుని రూల్ బుక్కు తిరగేశారు, అందుకే రూలు ఏదొచ్చినా మీకు న్యాయంగానే కనపడుద్ది.
నేను కూడా ఒకటి చెప్తా. మా నాన్న ఊరగాయలు చేసి అమ్మేవాడు. ఆవకాయ, మాగాయ, గోంగూర, ఇంట్లో అమ్మా పిన్నీ కలిపేవాళ్లు, నాన్న సైకిల్ మీద తిప్పేవాడు. బస్టాండు రోడ్డులో ఒక గోడ ఓనర్ని బతిమాలి మా పేరు రాయించాడు, జీవితంలో ఆయన పెట్టిన యాడ్ ఖర్చు అదొక్కటే. ఆర్నెల్లకి ఊరు అందంగా ఉండాలని రూల్ తెచ్చి గోడలన్నిటికీ సున్నం కొట్టించారు. ఎదురుగా పెద్ద కంపెనీ వాడి ఇనుప హోర్డింగ్ మాత్రం లైసెన్స్ ఉందని అలాగే ఉంది. నాన్న ఆ గోడ ముందు నిలబడి చూస్తున్నది నాకింకా గుర్తు.
ఇక్కడా అదే జరిగింది. ఆర్మర్ లాంటి పెద్ద ప్యాకర్లకి, అంటే మాంసం కంపెనీలకి, సొంత బండ్లు ఉన్నాయి, తీర్పు తర్వాత అక్షరాలు చిన్నవి చేసుకుని నిక్షేపంగా తిప్పుకున్నారు. అద్దె బండి మీద పేరేసుకుని నాలుగు రాష్ట్రాల్లో తెలుద్దామనుకున్న చిన్న వెన్న కంపెనీ, చిన్న జున్ను కంపెనీ, వాళ్ల పేరు పోయింది. రూల్ వచ్చిన ప్రతిసారీ చిన్నోడి పేరు మీదే సున్నం పడుద్ది. నా బాధ పెయింట్ గురించి కాదు.

అడ్మిన్_జంక్షన్
ఉద్యోగాల మీద కామెంట్లు వద్దు సుబ్బు గారూ. మాస్టారూ, మీరు కూడా ఆయన షెల్ఫు జోలికి వెళ్లకండి. ఇంకోసారి అయితే లాక్ చేస్తా.

శ్రావణి_లెటరింగ్
ఇప్పుడు అర్థమైంది గొడవ ఎక్కడుందో. ఒకరేమో కిరాయి కట్టే చిన్నవాడిని చూస్తున్నారు, ఇంకొకరు యాడ్ వేసుకునే చిన్నవాడిని. ఇద్దరూ వేరే వేరే మనుషులు కదా.

గూడ్స్‌షెడ్_మాస్టారు
రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే రాస్తున్నా.
సుబ్బూ, మీ నాన్నగారి గోడ సంగతి ముందే చెప్పుంటే బీరు బండ్ల మాట అనేవాణ్ణి కాదు. నేను కూర్చున్న కుర్చీ సంగతి కూడా విను. మామిడి సీజన్లో ఢిల్లీకి వ్యాగన్ల కోసం వ్యాపారులు ఇండెంట్ పెట్టేవాళ్లు, ఎవరు ముందు రాస్తే వాళ్లకి ముందు, పుస్తకంలో వరస ఉండేది. ఒకేడు పెద్ద పార్టీకి ముందివ్వమని పైనుంచి మాట వచ్చింది, కాగితం లేదు, మాటే. నేను ఇవ్వనన్నా. వేరే చోటికి వేశారు, పిల్లల చదువు మధ్యలో. ఆ వరసలో వెనక్కి పోయినవాళ్లు రెండు తోటల రైతులు, బుట్టల్లో కాయ మెత్తబడిపోతోంది, నా బల్ల ముందు నిలబడి "అయ్యా మా టర్ను ఎప్పుడండీ" అని అడుగుతున్నారు. పుస్తకంలో వరసే లేకపోతే వాళ్లకి అడగడానికి కూడా ఏమీ ఉండదు. రూల్ అంటే నీకు సున్నం కనపడుతుంది, నాకు ఆ పుస్తకం కనపడుతుంది. అందులో నేను మారను.
పెద్ద ప్యాకర్లు బయటపడ్డారన్నది మాత్రం ఒప్పుకుంటా. అందరూ కిరాయి సరిగ్గా కట్టేలా చూడటం వేరు, ఎవడి బలం వాడికి లేకుండా చేయడం వేరు, రెండోది ఆ కమిషన్ వల్ల కాలేదు.

లారీ_రాంబాబు
1974లో అక్కడే రైల్‌బాక్స్ అని పసుపు బాక్స్‌కార్లు తెచ్చారు మాస్టారూ, అన్ని రైల్వేలూ కలిసి వాడుకునే బండ్లు. వాటి మీద రాసిన నినాదం ఏంటో తెలుసా, "నెక్స్ట్ లోడ్, ఎనీ రోడ్". ఎవడి లోడైనా, ఏ రూటైనా. అది చూసి నాకు ఏడుపొచ్చింది. నా లారీ మీద ఆ ముక్క రాయించుకోవాల్సింది.

గూడ్స్‌షెడ్_మాస్టారు
ఇంగ్లండులో ఇంకా ముందే చేశారు. బొగ్గు వ్యాపారులు పేర్లు రాసుకున్న సొంత వ్యాగన్లు లక్షల్లో ఉండేవి, ఎవరి వ్యాగన్ వాళ్లకి ఖాళీగా తిరిగి పోవాలి. 1939లో యుద్ధం రాగానే అన్నిటినీ ఒక్క రాశిలో కలిపేశారు, పేరేదున్నా దగ్గర్లో ఉన్నది తీసుకుని నింపెయ్ అని. యుద్ధమొస్తే తప్ప పేర్ల పట్టింపు పోలేదు, చూడు.

సుబ్బు_హెచ్ఓ
కుర్చీ మాట వెనక్కి తీసుకుంటున్నా మాస్టారూ, సారీ. మిగతా వాదన అలాగే ఉంది, మీదీ అలాగే ఉంది.

గూడ్స్‌షెడ్_మాస్టారు
ఉండనీ. ఇంతకీ ఈ రచ్చకి కారణమైన నీ 15 డాలర్ల బండి నంబరు ముందు అక్షరాలేంటి? చివర ఎక్స్ ఉందా?

సుబ్బు_హెచ్ఓ
ఇప్పుడే భూతద్దం పెట్టి చూశా. ఎక్స్ లేదు. అసలు అక్షరాలే లేవు, ఉత్త నంబరుంది. గూగుల్ చేస్తే ఆ ఊరగాయల కంపెనీ కూడా ఎక్కడా లేదు.

కాజీపేట_కుర్రోడు
15 డాలర్లు పాయె 😂😂

సుబ్బు_హెచ్ఓ
పోలేదు తమ్ముడూ. ఆ పేరు గీకేసి మా నాన్న పేరు రాయిస్తున్నా. శ్రావణి గారూ, తెలుగులో లెటరింగ్ చేసిస్తారా? పక్కన ఆవకాయ జాడీ బొమ్మ కూడా కావాలి. చివర ఎక్స్ వేయిస్తాలెండి మాస్టారూ.

శ్రావణి_లెటరింగ్
చేస్తా. జాడీ రంగు చెప్పండి.

లారీ_రాంబాబు
రిటర్న్ లోడ్ మాత్రం దొరకదు సుబ్బూ, ముందే చెప్తున్నా.