హోండా సిటీ ఉండగా సెకండ్ హ్యాండ్ పోర్షే 718 కేమన్: హైదరాబాద్ రోడ్ల మీద అసలు తేడా ఎక్కడ?

మూడోగేరు:
ఇంట్లో ఐదో తరం హోండా సిటీ పెట్రోల్ ఉంది, అది అలాగే ఉంటుంది. రెండో కారుగా 2.0 టర్బో 718 కేమన్, పీడీకే (పోర్షే వాళ్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్) గేర్‌బాక్స్‌ది చూస్తున్నాను. కొండాపూర్–గచ్చిబౌలి ట్రాఫిక్‌లో వారానికి రెండు రోజులు, ఆదివారం పొద్దున ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్). 0–100 నంబర్లు యూట్యూబ్‌లో చాలా చూశాను, అవి వద్దు. స్పీడ్ బ్రేకర్లు, ట్రాఫిక్, టైర్లు, బ్రేకులు... వీటిలో సిటీకీ దీనికీ నిజంగా ఏం తేడా వస్తుంది? కొనేముందు ఏం చూడాలి?

పొట్టగీత:
బ్రేకర్ల సంగతి నేను చెప్తాను. అందరూ గ్రౌండ్ క్లియరెన్స్ ఒక్కటే అడుగుతారు గానీ, బ్రేకర్ ఆకారం, రెండు ఇరుసుల మధ్య దూరం కూడా అంతే ముఖ్యం.

ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణం ప్రకారం కట్టిన బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉంటుంది. ఆ వంపు మీద ముందు, వెనక చక్రాలు రెండూ ఉన్నప్పుడు బ్రేకర్ పొట్ట వైపు పైకి పొడుచుకొచ్చేది కేమన్‌కి (వీల్‌బేస్ 2,475 మి.మీ.) సుమారు 45 మి.మీ., సిటీకి (2,600 మి.మీ.) 50. అంటే సరిగ్గా కట్టిన బ్రేకర్ మీద కేమన్ పొట్ట తగలదు. బాధంతా కాలనీ వాళ్లు రాత్రికి రాత్రి పోసిన అడుగున్నర వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు దిబ్బలతోనే. అది రెండు ఇరుసుల మధ్య పూర్తిగా ఇరుక్కుంటుంది కాబట్టి 150 మి.మీ. మొత్తం కావాలి. నలుగురు ఎక్కితే సిటీకే అక్కడ గీత పడుతుంది.

దాటే పద్ధతి: బ్రేక్ అంతా ముందే కొట్టేసి, టైరు బ్రేకర్‌ని తాకేలోపు పెడల్ వదిలేయాలి. బ్రేక్ నొక్కి ఉంటే ముక్కు కిందికి వంగుతుంది, ముందు లిప్ (బంపర్ కింది అంచు) గీసుకునేది చాలాసార్లు అందుకే. ఇరుకు దిబ్బ అయితే ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా, నడక వేగంలో. మీ వీధి చివర దిబ్బ ఎత్తు టేపుతో కొలిచి, కారు చూడటానికి వెళ్లినప్పుడు ముందు లిప్ కిందా పొట్ట కిందా అదే టేపు పెట్టండి. బ్రోషర్ చూసి కొలతలు నమ్మొద్దు.

తడిక్లచ్:
ట్రాఫిక్ విషయంలో చాలామంది ఉల్టాగా అనుకుంటారు. పీడీకేలో ఉన్నవి నూనెలో తడిసే క్లచ్‌లు, వేడిని ఆ నూనె లాక్కుపోతుంది. పొడి క్లచ్ ఉన్న ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ సెడాన్లకు బంపర్ టు బంపర్‌లో పాకించడమే పెద్ద పరీక్ష. ఆ మాటకొస్తే గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర వాటికంటే పోర్షే గేర్‌బాక్సే నింపాదిగా ఉంటుంది. సిటీ సీవీటీకి (బెల్టుతో నడిచే ఆటోమేటిక్) ఈ గొడవే లేదు, అది వేరే సంగతి.

ట్రాఫిక్‌లో దీనికి అసలు శత్రువు చెత్త. ఇంజిన్ సీట్ల వెనక ఉన్నా రేడియేటర్లు ముందు బంపర్ రెండు మూలల్లో ఉంటాయి, వాటి ముందు ఏసీ కండెన్సర్లు. గాలి లోపలికి లాక్కునే ఆ రంధ్రాల్లోంచి ఆకులు, పాలిథిన్ ముక్కలు, దుమ్ము చేరి మెత్తగా పేరుకుంటాయి. ఆ తడి బురద కండెన్సర్‌ని తినేస్తుంది. ముందు ఏసీ బలహీనపడుతుంది, తర్వాత లీకవుతుంది. కొనేముందు టార్చి వేసి ఆ రెండు రంధ్రాల్లోకి చూడండి. కొన్నాక ఏడాదికోసారి ముందు బంపర్ విప్పించి వాక్యూమ్ చేయించండి. ప్రెషర్ వాటర్ మాత్రం దగ్గరగా కొట్టనివ్వొద్దు, ఫిన్లు (పల్చటి రేకులు) మడత పడతాయి.

ఇంకో తేడా, బానెట్ ఎత్తితే ఇంజిన్ కనబడదు. డిప్‌స్టిక్ కూడా లేదు. ఆయిల్ లెవెల్ మీటర్ స్క్రీన్‌లోనే చూసుకోవాలి. ఆయిల్, కూలెంట్ పోసే మూతలు వెనక డిక్కీలో ఉంటాయి.

రబ్బరు:
డబ్బు ఎక్కడికి పోతుందో నేను చెప్తా. సిటీకి నాలుగు చక్రాలకూ ఒకే సైజు, 16 అంగుళాల చక్రాలున్న వేరియంట్లలో 185/55 ఆర్16. ముందువి వెనక్కి మార్చుకుంటూ నాలుగూ సమానంగా అరగదీయొచ్చు. కేమన్‌కి 18 అంగుళాల చక్రాల మీద ముందు 235/45, వెనక 265/45. ముందూ వెనకా మార్చడం కుదరదు, వెనకవి ముందే అయిపోతాయి. అదీ లోపలి అంచు నుంచి. బయటి నుంచి చూస్తే గాడి నిండుగా ఉంటుంది, చెయ్యి వెనక్కి పెట్టి తడిమితే నున్నగా తగులుతుంది. కొనేముందు తప్పకుండా తడమండి. గాడి లోతు 1.6 మి.మీ. వరకు చట్టం ఒప్పుకున్నా, ఇంత వెడల్పు టైరు నిలిచిన నీళ్ల మీద త్వరగా తేలుతుంది. వానాకాలం ముందు 3 మి.మీ.కి వచ్చేసుంటే మార్చేయడమే.

తక్కువ తిరిగిన కారు అని మురిసిపోకండి. టైరు గోడ మీద డీఓటీ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి: 2318 అంటే 2018లో 23వ వారం. గాడి ఎంతున్నా ఆరేళ్లు దాటిన టైరుకి నేనైతే బేరంలో డబ్బులు కోసేస్తా.

స్టెప్నీ లేదు. పంక్చర్ మూసే గమ్ము, గాలి కొట్టే చిన్న కంప్రెసర్ ఇస్తారు. మేకు దిగితే పనికొస్తుంది, గుంతలో పడి పక్క గోడ చిరిగితే కారుని పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ ట్రక్కు రావాల్సిందే. రెండంగుళాల మందం, మూడడుగుల పొడవున్న చెక్కలు రెండు డిక్కీలో పెట్టుకోండి. ట్రక్కు ర్యాంప్ మొదట్లో ముందు చక్రాల కింద వేస్తే లిప్ తగలదు.

బ్రేకులు: సిటీ పెట్రోల్‌కి వెనక డ్రమ్ములు. కేమన్‌కి ముందు 330 మి.మీ., వెనక 299 మి.మీ. డిస్కులు. కొండ దిగేటప్పుడు తేడా కాలికి తెలుస్తుంది. ప్యాడ్ల లెక్క అడిగి ఊరుకోకుండా డిస్కు మందం కూడా కొలిపించండి, కనీస మందం డిస్కు మీదే ఉంటుంది. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి, కిలోమీటర్లతో పని లేదు. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది.

పొట్టగీత:
రబ్బరు అన్నా, ఇంకొకటి కలపాలి. కొనేముందు పోర్షే డయాగ్నస్టిక్ టూల్‌తో ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో తీయించండి. కిలోమీటర్లను గంటలతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. 20,000 కి.మీ., 1,000 గంటలు అంటే గంటకు 20, ఊరి ట్రాఫిక్‌లోనే నలిగిన కారు. మీటరు చెప్పని కథ అక్కడుంటుంది.

తడిక్లచ్:
వేగమే కావాలంటే 2025లో మన దేశంలో 100 కార్లే అమ్మిన స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ లాంటిది దొరికితే 265 పీఎస్ శక్తి, 600 లీటర్ల డిక్కీ, ఐదు సీట్లు, ఇంటిల్లిపాదీ ఎక్కొచ్చు. కానీ అది ముందు చక్రాలతో లాగే కారు. ఓఆర్ఆర్ దిగే వంపులో యాక్సిలరేటర్ తొక్కితే ముక్కు బయటికి జారాలని చూస్తుంది. కేమన్‌కి బరువు మధ్యలో ఉంటుంది, స్టీరింగ్ ఎటు తిప్పితే అటు మొత్తం కారు ఒకేసారి తిరుగుతుంది. 120 లిమిట్ దాటకుండానే ఈ తేడా తెలుస్తుంది. మీకు సిటీ ఎలాగూ ఉంది కాబట్టి నా ఓటు కేమన్‌కే.

మూడోగేరు:
అందరికీ థ్యాంక్స్. చివరిగా ఒకటి: నెలలో పదిహేను రోజులు కదలకపోతే బ్యాటరీ?

రబ్బరు:
మెయింటెయినర్ ఛార్జర్ (కారు కదలకున్నా బ్యాటరీని నిండుగా ఉంచేది) పెట్టేయండి. బ్యాటరీ మీద ఏజీఎం అని ఉంటే ఛార్జర్‌లో ఆ మోడ్ ఎంచుకోవాలి. పూర్తిగా పడిపోతే చిక్కేంటంటే, బ్యాటరీ ముందు డిక్కీలో, ఆ డిక్కీ తెరుచుకునేది కరెంటుతో. అప్పుడు రిమోట్‌లో దాగిన తాళంచెవితో తలుపు తీయండి. ముందు సీట్లలో కాళ్లు పెట్టే చోట ఉండే ఫ్యూజ్ బాక్స్‌లో బయటికి లాగే ప్లస్ టెర్మినల్ ఉంటుంది. బయటి బ్యాటరీ ప్లస్ దానికి, మైనస్ తలుపు గొళ్లెం పట్టుకునే ఇనుప కొక్కేనికి. అలారం మోగుతుంది, రిమోట్ నొక్కి ఆపి డిక్కీ తెరవండి. అక్కడి నుంచే ఇంజిన్ స్టార్ట్ చేయబోకండి, ఆ వైరు అంత కరెంటు మోయదు. డిక్కీ తెరిచాక అసలు బ్యాటరీకి కేబుల్స్ పెట్టి స్టార్ట్ చేయాలి.