పాట మారగానే శబ్దం పెరుగుతోంది: ఫైళ్లను మార్చవచ్చా, ముట్టుకోకూడదా?

దేవునికడప: ఇంట్లో పాత కంప్యూటర్‌కు రెండు స్పీకర్లు తగిలించి పాటలు వింటాం. విండోస్ 10, పాటల ప్లేయర్ వీఎల్‌సీ. ఆరు వందల పాటల దాకా ఉన్నాయి. కొన్ని మామయ్య క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, కొన్ని సీడీలవి, మిగిలినవి ఈమధ్యవి. తెల్లవారుజామున అన్నమయ్య కీర్తన వినబడాలంటే శబ్దం ముప్పావు వంతు పెంచాలి. దాని వెనుకే సినిమా పాట వచ్చిందంటే వీధి వీధంతా లేస్తుంది. అమ్మకు గుండె దడ. దీనికి మార్గం చెప్పండి.

తుంగభద్ర గట్టు: ముందు వైరు చూడండి. మా ఇంట్లో ఎలుక కొరికింది.

దేవునికడప: వైరు బాగానే ఉందండీ. పాట నడుస్తున్నంతసేపూ సమానంగానే ఉంటుంది. పాట మారినప్పుడే తేడా.

సోల్డరింగ్: అయితే తప్పు స్పీకరుదీ కాదు, కంప్యూటర్‌దీ కాదు. పాత పాటలో పల్లవి మెల్లగా మొదలై ఎక్కడో ఒకచోట పైకి లేస్తుంది. కొత్త పాటను మొదటి నుంచి చివరి దాకా పైకప్పుకు ఆనించి తయారుచేస్తారు. కొలిస్తే రెండింటి శిఖరమూ, అంటే అన్నిటికంటే గట్టిగా ఉన్న చోటు, ఒకే ఎత్తు. కానీ చెవి వినేది శిఖరాన్ని కాదు, సగటును. ఎంపీ3గెయిన్ అనే సాఫ్ట్‌వేరు వేసి అన్నిటినీ 89 డెసిబెళ్లకు తెండి. పది నిమిషాల పని.

పాతటేపు: దయచేసి ఆ పని చేయకండి. ఫైలు లోపల చెయ్యి పెట్టకుండానే ఇది తీరుతుంది. 2001లో డేవిడ్ రాబిన్సన్ రీప్లేగెయిన్ అనే పద్ధతి ప్రతిపాదించారు. పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో లెక్కగట్టి, ఎంత తగ్గించాలో ఎంత పెంచాలో ట్యాగులో, అంటే పాట పేరు లాంటి వివరాలు ఉండే చోట, రాసి పెడతారు. ప్లేయర్ అది చదివి సర్దుకుంటుంది. ఫూబార్2000 అనే ప్లేయర్‌లో అన్నీ ఎంచుకుని ఒకసారి స్కాన్ చేస్తే చాలు. వీఎల్‌సీ కూడా ఆ ట్యాగులు చదువుతుంది, అమరికల్లో ఆ ఎంపిక పెట్టుకోవాలి.

సోల్డరింగ్: ఎంపీ3గెయిన్ పాటను విప్పి మళ్లీ కుదించదు. ప్రతి ఫ్రేములోనూ, అంటే ఫైలులోని ప్రతి చిన్న ముక్కలోనూ, ఉండే గెయిన్ (శబ్దం ఎంత పెంచాలనే) అంకెను మాత్రమే మారుస్తుంది, మెట్టుకు 1.5 డెసిబెళ్లు. వెనక్కి తిప్పుకోవచ్చు కూడా. ఇక మీ ట్యాగులు కారులోని పెన్‌డ్రైవు ప్లేయర్ చదువుతుందా? పెళ్లి మండపంలో ఆంప్లిఫయర్ చదువుతుందా?

కొత్తచెవులు: 89 డెసిబెళ్లంటే చెవులకు ప్రమాదం కదా?

సోల్డరింగ్: అది లెక్కకోసం పెట్టుకున్న గుర్తు మాత్రమే. మీ స్పీకరు నుంచి వచ్చే శబ్దం కాదు.

పాతటేపు: అదే నేనూ అంటున్నాను. 89 ఏమీ దేవుడు రాసిన అంకె కాదు. ప్రసార సంస్థల కోసం ఐరోపా ప్రసార సమాఖ్య 2010లో ఆర్128 ప్రమాణం తెచ్చింది, అందులో లక్ష్యం మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత). లోకం అక్కడికి పోతే మీరు ఇంకా 89 పట్టుకుని కూర్చున్నారు.

సోల్డరింగ్: దేవునికడప గారు టీవీ కేంద్రం నడుపుతున్నారా? ఆరు వందల పాటలూ 89 దగ్గరే ఉండనీయండి, 87 దగ్గరే ఉండనీయండి, ఒకదానితో ఒకటి సమానంగా ఉంటే చాలదా?

పాతటేపు: మరి 89 అని అంత గట్టిగా ఎందుకు చెప్పారు?

సోల్డరింగ్: ఎంపీ3గెయిన్ తెరవగానే అంకె రాసే గడిలో మొదటే అది ఉంటుంది గనుక!

(ఈ 89 మీద ఇద్దరూ మరో తొమ్మిది సందేశాలు రాసుకున్నారు. దారి తప్పుతోందని నిర్వాహకులు తొలగించారు.)

చిత్రావతి: ఇంత గొడవ ఎందుకు? విండోస్ ధ్వని అమరికల్లో, చాలా కంప్యూటర్లలో, లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ అని ఒక గడి ఉంటుంది. టిక్కు పెట్టండి.

పాతటేపు: అది ఇంకా అన్యాయం. అది పాటకూ పాటకూ మధ్య తేడాతో ఆగదు, పాట లోపలి ఎత్తుపల్లాలనే చదును చేస్తుంది. నాకు జరిగింది చెబుతాను, వినండి. మాది జమ్మలమడుగు వైపు పల్లె. 1885లో సురభి నాటకం పుట్టిన జిల్లా మాది, పద్యం వినబడితే పొలం పని ఆపి నిలబడేవారు. తిరునాళ్లలో జరిగిన పద్యనాటకాన్ని మా నాన్న అరవై నిమిషాల క్యాసెట్‌లో పట్టుకున్నారు. పన్నెండేళ్ల కిందట కడపలో ఒక కొట్టువాడికి ఇచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించాం. తిరిగి వచ్చిన పెన్‌డ్రైవులో పద్యం ఎత్తుకునే ముందు వినబడే హార్మోనియం శ్రుతి, జనం దగ్గు, టేపు బుసబుస, రాగాలాపన అన్నీ ఒకే మట్టం. ఆలాపన పైకి వెళ్లినచోట గొంతు చిట్లిపోయింది. శబ్దాన్ని పరిమితి దాటించి పైభాగం కోసేశాడు. కోసేసింది ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. సమానం చేయడమంటే ఇదే అయితే నాకు వద్దు.

తుంగభద్ర గట్టు: పాపం.

సోల్డరింగ్: నేను చెప్పినది వేరు, మీకు జరిగినది వేరు. రెంటినీ ఒకే తాడుకు కడుతున్నారు. అయినా కొట్టువాణ్ణి దొంగలా మాట్లాడకండి. నేనూ అలాంటి కొట్టే నడిపాను. క్యాసెట్‌కు నలభై రూపాయలు. వచ్చినవాళ్లలో ఒక్కరైనా ఎత్తుపల్లాలు కావాలని అడగలేదు. అందరి మాటా ఒకటే: గట్టిగా వినబడాలి. ఆ రోజు కొట్టుకు వెళ్లింది మీరా, మీ నాన్నగారా?

పాతటేపు: దీనికీ దానికీ సంబంధం లేదు.

సోల్డరింగ్: ఉంది. చెప్పండి.

దేవునికడప: పెద్దలిద్దరూ శాంతించండి. నా పాటల సంగతి ఏమైనా...

పాతటేపు: (మర్నాడు) నాన్నే వెళ్లారు. ఆయనకు కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం. శబ్దం పెంచమని ఆయనే అడిగి ఉంటారు. పోయేదాకా మూడేళ్లు రోజూ సాయంత్రం ఆ పెన్‌డ్రైవే విన్నారు. నాకు మాత్రం అది వింటుంటే ఒళ్లు మండేది.

సోల్డరింగ్: మరి ఆయన కోసం చేసిన పని ఆయనకు సరిపోయింది కదా. పాడయిందన్నది ఎవరు?

పాతటేపు: నేను. ఇప్పుడు వినేది నేనే గనుక. పెంచినందుకు కాదండీ నా కోపం. పెంచని కాపీ ఒకటి పక్కన ఉంచి ఉండాల్సింది. ఒక్క ఫైలు. ఎంత చోటు పట్టేది?

సోల్డరింగ్: ఆ మాట ఒప్పుకుంటాను. నేను కూడా ఎవరికీ ఉంచలేదు. అప్పట్లో ఆ ఆలోచనే రాలేదు.

దేవునికడప: అందరికీ ధన్యవాదాలు. మొత్తం ఫోల్డరును ముందు వేరే డిస్కులోకి కాపీ చేసి, అప్పుడు ఎంపీ3గెయిన్ వేశాను. కొత్త పాటలు దాదాపు అన్నీ కిందికి దిగాయి. క్యాసెట్ పాటల్లో మూడింటికి పెంచితే కోత పడుతుందని ఎర్ర గుర్తు చూపింది, వాటిని పెంచకుండా వదిలేశాను. ఇంకొకటి కూడా బయటపడింది. వాట్సాప్ కాల్ వచ్చినప్పుడల్లా పాట గొంతు నొక్కేసినట్టు అయ్యేది. విండోస్ ధ్వని అమరికల్లో కమ్యూనికేషన్స్ అనే చోట మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించు అని ముందే పెట్టి ఉంది. తీసేశాను. అమ్మకు మాత్రం ఆ సినిమా పాట ఇంకా గట్టిగానే ఉందట. కొలిచి చూపించినా ఒప్పుకోలేదు. ఆమెకు ఆ పాటే గిట్టదని నిన్న తెలిసింది.

చిత్రావతి: దానికి ట్యాగు లేదు.

సోల్డరింగ్: పాతటేపు గారూ, ఆ క్యాసెట్ ఇంకా ఉందా?

పాతటేపు: ఉంది. రెండోవైపు మధ్యలో టేపు తెగింది. అందుకే ఎవరికీ ఇవ్వలేదు.

సోల్డరింగ్: తెగితే అతుకుతుంది. మామూలు ప్లాస్టిక్ టేపు అంటించకండి, ఎండకు జిగురు కారి పక్క చుట్లకు అంటుకుంటుంది. దీనికి వేరే టేపు ఉంటుంది, నా దగ్గర ఇంకా ఒక చుట్ట మిగిలింది. క్యాసెట్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అతకడంలో సెంటీమీటరు పోయినా పద్యంలో అయిదో వంతు సెకనే పోతుంది. కడపలో ఏడు రోడ్ల కూడలికి తీసుకురండి. ఈసారి పెంచను.