ఎల్బో, రెడ్యూసర్ల డెవలప్‌మెంటును పూర్తిగా సాఫ్ట్‌వేర్‌కే అప్పగించవచ్చునా?

కొలతబద్ద:
మా వర్క్‌షాపులో 3 నుంచి 10 మి.మీ. మందం గల ప్లేటును రోల్ చేసి ఎల్బోలు (వంపు గొట్టాలు), రెడ్యూసర్లు (వ్యాసం తగ్గే గొట్టాలు), వై బ్రాంచీలు (గొట్టం నుంచి చీలే కొమ్మలు), చదరం నుంచి గుండ్రానికి మారే ట్రాన్సిషన్లు తయారు చేస్తాము. ఇంతవరకు మార్కింగ్ చేసేవారే, చుట్టితే ఆ ఆకారం వచ్చేలా విప్పి పరచిన బొమ్మను, అంటే డెవలప్‌మెంటును ప్లేటు మీద గీసేవారు. వ్యాసం, మందం, వంపు వ్యాసార్ధం, ముక్కల సంఖ్య ఇస్తే విప్పిన ఆకారాన్ని తానే గీసి, డీఎక్స్‌ఎఫ్ అనే డ్రాయింగ్ ఫైలుగా ప్లేటును కోసే ప్లాస్మా మిషనుకు అందించే డ్రాఫ్టింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలన్న ప్రతిపాదన ఇప్పుడు వచ్చింది. కొత్తగా చేరేవారికి చేతితో డెవలప్‌మెంటు నేర్పడం కూడా ఇక మానేద్దామంటున్నారు. నేను దీనికి అనుకూలమే. సరైన కారణం చూపి కాదనగలవారు ఉంటే వినాలని ఉంది.

పాతగీత:
ఒక్క కారణం చెబుతాను, మిగతావి దాని వెంట అవే వస్తాయి. లోపలి వ్యాసం 300 మి.మీ., మందం 6 మి.మీ. ఉండవలసిన ఎల్బోకు ఇలాంటి సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన ముక్కలను నేను స్వయంగా టేపు పెట్టి కొలిచాను. చుట్టు పొడవు 942 మి.మీ. ఉంది, అంటే 300ను 3.1416తో గుణించి చేతులు దులుపుకుంది. ప్లేటును రోల్ చేసినప్పుడు లోపలి ముఖం కుదించుకుపోతుంది, వెలుపలి ముఖం సాగుతుంది, మందానికి నడిమి పొర మాత్రమే తన పొడవును నిలుపుకుంటుంది. కాబట్టి నడిమి వ్యాసమైన 306తో లెక్క కట్టి 961 మి.మీ. తీసుకోవాలి. 942తో చుడితే లోపలి వ్యాసం 294కు దిగిపోతుంది, ఎదుటి గొట్టంతో అంచు కలవనే కలవదు. రోలింగ్ దగ్గర నిలబడే ఏ కుర్రవాడిని అడిగినా చెప్పే సంగతి ఇది.

రేఖాగణితం:
పాతగీత గారూ, ఆ 942ను సాఫ్ట్‌వేర్ సొంతంగా పుట్టించలేదు. ఇచ్చిన వ్యాసం లోపలిదా, నడిమిదా, వెలుపలిదా అని అది అడుగుతుంది. మందానికి వేరే గడి ఉంటుంది. అంకె నింపినవారు ఆ గడిని ఖాళీగా వదిలేస్తే లెక్క అలాగే వస్తుంది. ఆ మాటకొస్తే చేతి పద్ధతిలో ఉన్న లోపాన్ని ఎవరూ ఎత్తరేమి? వృత్తాన్ని 12 భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని డివైడరుతో పట్టి సరళరేఖ మీద 12 సార్లు నడిపిస్తారు. డివైడరు పట్టేది జ్యాను (రెండు బిందువుల నడుమ సూటి దూరాన్ని), చాపాన్ని (వంపు వెంట పొడవును) కాదు. 306 వ్యాసానికి అలా వచ్చే పొడవు 950 మి.మీ. మాత్రమే, 11 మి.మీ. అక్కడే పోయింది. 16 భాగాలు చేసినా 6 మి.మీ. తక్కువే వస్తుంది. ఈ తరుగును వెల్డింగు గ్యాప్ కింద జమకట్టి దశాబ్దాలుగా నెట్టుకొస్తున్నారు.

ప్లాస్మాబల్ల:
ఎవరి గీత ఇచ్చినా మిషను కోస్తుంది. యూనిట్లు తేడా పడి మిల్లీమీటర్లను అంగుళాలుగా చదువుకున్న ఫైలులో ముక్క 25.4 రెట్లు పెరిగి కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఎవరైనా పట్టేస్తారు, 19 మి.మీ. తగ్గిన ముక్కను మాత్రం తెర మీద చూసి ఎవరూ పట్టలేరు.

పాతగీత:
రేఖాగణితం గారు చెప్పిన డివైడరు కథ పని తెలిసినవారి పద్ధతి కాదు. చుట్టుకొలతను ముందుగా లెక్క కట్టి 961 మి.మీ. గీతను గీసిన తరువాత, ఆ గీతనే 12 భాగాలు చేస్తాము. డివైడరుతో భాగించేది ఎదుటి చూపులోని వృత్తాన్ని మాత్రమే, అదీ ఎత్తులు తీసుకోవడానికి. శిక్షణలో చేరిన మొదటి వారంలో ఎవరో చేసే తప్పును తెచ్చి మొత్తం పద్ధతికి అంటగట్టడం న్యాయం కాదు.

రేఖాగణితం:
సరే, పొడవు మాట పక్కన పెడదాము, ఎత్తులకే వద్దాము. 90 డిగ్రీల ఎల్బోను నాలుగు ముక్కల్లో చేస్తే చివరి ముక్కలు సగం ముక్కలే కాబట్టి, 90ని ఆరుతో భాగించి 15 డిగ్రీల కోత వస్తుంది. వంపు వ్యాసార్ధం 450, గొట్టం నడిమి వ్యాసార్ధం 153 అనుకుంటే, చివరి ముక్క ఎత్తు వంపు లోపలివైపు 79.6, మధ్యరేఖ దగ్గర 120.6, వెలుపలివైపు 161.6 మి.మీ.; నడుమ అంతా సైన్ వక్రమే. మీరు 12 బిందువులు పెట్టి వాటిని వంచిన పట్టీతో కలుపుతారు. సాఫ్ట్‌వేర్ కొన్ని వందల బిందువులు పెట్టగలదు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. నిలువుగా కోసిన మందపాటి అంచుల్లో, వంపు వెలుపలివైపున గొట్టం లోపలి ముఖాలు ముందుగా తగులుతాయి. వంపు లోపలివైపున వెలుపలి ముఖాలు ముందుగా తగులుతాయి. కనుక ఒక పక్క లోపలి వ్యాసార్ధంతోను, మరొక పక్క వెలుపలి వ్యాసార్ధంతోను ఎత్తు లెక్కించాలి. చేత్తో గీసేవారిలో ఈ సవరణ చేసేవారిని నాకు చూపించండి.

పాతగీత:
ఆ సవరణ విలువెంతో మీరే లెక్క వేయండి. మందంలో సగం 3 మి.మీ., 15 డిగ్రీల టాంజెంటు 0.268, గుణిస్తే 0.8 మి.మీ. వస్తుంది. ప్లాస్మా కోత వెడల్పే అంతకంటే ఎక్కువ. గ్రైండరు ఒక్కసారి తిప్పితే పోయే 0.8 మి.మీ. గురించి ఇంత పాఠం చెప్పి, 19 మి.మీ. తేడాను మాత్రం ‘గడి ఖాళీగా వదిలారు’ అన్న ఒక్క మాటతో దాటవేశారు.

పైపుకోత:
మీరిద్దరూ నడిమి వ్యాసమని పట్టుబట్టడం నాకు వింతగా ఉంది. కోత గీత గీయడానికి అట్ట మూసను చుట్టేది పైపు పైన కాబట్టి వెలుపలి వ్యాసమే తీసుకోవాలి. మూసకు వాడే అట్ట మందం 1 మి.మీ. అయితే దానికోసం పొడవులో మరో 3.1 మి.మీ. కలపాలి. నడిమి వ్యాసంతో తీసిన మూసను తొడిగి చూడండి, రెండు కొసలూ కలవవు. మూసను ప్రింటు తీసేటప్పుడు ‘పేజీకి సరిపడేలా’ అన్న ఎంపికను తీసివేయడం, మూలలో 100 మి.మీ. గీత ఒకటి పెట్టి ప్రింటు మీద స్కేలుతో సరిచూడడం మరువకూడదు.

పాతగీత:
అయ్యా, మేము మాట్లాడేది ప్లేటును రోల్ చేసే పని గురించి. మీది తయారైన పైపును కోసే పని. చర్చ మొదటి వాక్యంలోనే ఆ సంగతి రాసి ఉంది.

పైపుకోత:
ఎల్బో ఎల్బోయే. ప్రశ్న సాఫ్ట్‌వేర్ గురించి కదా, నేను కూడా సాఫ్ట్‌వేర్ గురించే చెబుతున్నాను.

అతుకు:
చుట్టిన ముక్క రెండు కొసలూ కలిసే నిలువు అతుకును సాఫ్ట్‌వేర్ ఎక్కడ పెడుతుందో ఎవరూ అడగలేదు. నేను చూసిన ఒక ప్రోగ్రాం అన్ని ముక్కల అతుకులనూ వంపు లోపలివైపునే పెట్టింది, అక్కడ వెల్డింగు పొడవు తక్కువ కాబట్టి. ఫలితంగా అతుకులన్నీ ఒకే వరుసలో నిలబడి, రెండు ముక్కలు కలిసే ప్రతి కీలు దగ్గర నాలుగు దిక్కుల వెల్డింగు కలిసే కూడలి ఏర్పడింది. ఒక ముక్కకు లోపలివైపు, తరువాతి ముక్కకు వెలుపలివైపు అతుకు పెడితే ఆ కూడలి ఉండదు. పైగా అలా మార్చి పెట్టిన ముక్కలు ఒకదాని వక్రంలో ఒకటి సరిగ్గా ఒదుగుతాయి కాబట్టి పైన చెప్పిన ఎల్బో మొత్తం, కోత వెడల్పును పక్కన పెడితే, 961కి 724 మి.మీ. ఉన్న ఒక దీర్ఘచతురస్రంలో దాదాపు వృథా లేకుండా దిగుతుంది. చేతి మార్కింగులో ఇది ఎవరూ చెప్పకుండానే జరిగేది.

రేఖాగణితం:
అతుకు స్థానాన్ని మార్చుకునే వీలు కూడా ఉంటుంది. అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు సెట్టింగుల్లోనే ఉంది. చదివే ఓపిక లేనివారు సాధనాన్ని నిందిస్తున్నారు. నిజానికి చేతి మార్కింగు చేసేవారిలో కొందరికి తమ విద్య ఎవరికీ తెలియకుండా ఉండడమే కావాలి. నేను నేర్చుకునే రోజుల్లో ట్రాన్సిషన్ గీసేటప్పుడు నిజపొడవులు తీసిన గీతలను మా పెద్దాయన ఒకరు కావాలనే చెరిపేసేవారు. అలాంటివారి చేతిలో నుంచి ఈ పని బయటపడటం నాకు సంతోషమే.

పాతగీత:
అంటే ఇప్పుడు మీ కోపం మీ పెద్దాయన మీదన్నమాట. అదేదో మొదటే చెబితే నేను 0.8 మి.మీ. లెక్క వేసే శ్రమ తప్పేది.

నా అనుభవమూ వినండి. ఒకచోట మెయిన్ గొట్టం మధ్యరేఖకు పక్కగా జరిగి, ఏటవాలుగా నిలిచే బ్రాంచీకి ఫైలు ఆఫీసు నుంచి నేరుగా మిషనుకు వెళ్లింది. ఎల్బో ముక్క అయితే మధ్యరేఖకు రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఏ ముఖం పైకి పెట్టి చుట్టినా ఫరవాలేదు. పక్కకు జరిగి ఏటవాలుగా నిలిచే బ్రాంచీ అలా కాదు. తప్పు ముఖం లోపలికి వెళితే కుడిచేతి ముక్క ఎడమచేతిదైపోతుంది. ఫైలులో ‘లోపలి ముఖం పైకి’ అన్న మాట లేదు, చుట్టును నాలుగుగా పంచే పావు గీతల దగ్గర పంచ్ గుర్తులు లేవు, నిలువు మధ్యగీత లేదు. ఉన్నదల్లా కోత గీత. ముక్కలు నా చేతికి వచ్చేసరికి కోత పూర్తయింది. చుట్టిన తరువాత బ్రాంచీ రెండో పక్కకు తిరిగింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడినట్లు, ఫైలు గీసినవారిని వదిలి చుట్టించిన నన్ను సంజాయిషీ అడిగారు. అదే ప్లేటు మీద నేను గీసి ఉంటే, గీస్తున్నప్పుడే అనుమానం వచ్చేది. ఆపి అడిగి ఉండేవాడిని.

రేఖాగణితం:
అది ఫైలు తయారీలోని లోపం. గుర్తుల కోసం వేరే లేయరు పెట్టి, తక్కువ కరెంటుతో గీత మాత్రమే పడేలా మిషనుకు చెప్పవచ్చు. చేత్తో గీయడం మానేయకూడదని దీనివల్ల రుజువు కాదు.

పాతగీత:
చేత్తో గీయడం గురించి నేను మాట్లాడనే లేదిప్పుడు. కోతకు ముందు ఆ ముక్కను చూసి ‘ఆగండి’ అనే హక్కు ఎవరికుందని అడుగుతున్నాను. మార్కింగు మా చేతిలో ఉన్నంతకాలం ఆ హక్కు దానితోపాటే ఉండేది, ఎవరూ రాసి ఇవ్వనక్కరలేకపోయింది. గీత ఆఫీసులో పుట్టి మిషను దగ్గర ముగిస్తే, చుట్టేవాడికి మిగిలేది నింద ఒక్కటే. కొలతబద్ద గారు తన ప్రశ్నలో ఎక్కడా ఈ మాట ఎత్తలేదు, గమనించారా?

కొలతబద్ద:
ఎత్తకపోవడానికి దాచిపెట్టే ఉద్దేశం ఏమీ లేదు. మార్కింగు చేసేవారిని ఫిట్టింగుకు మార్చాలన్న ఆలోచన మాత్రం ఉంది, అది నిజమే. ఫైలును ఎవరు ఆమోదించాలన్నది ఇంకా తేలలేదు.

శిక్షణశాల:
ఇంతసేపటికి అసలు విషయం బయటికి వచ్చింది కాబట్టి నేర్పే మాట కూడా దానితో కలిపి చెబుతాను. ఎల్బోకు సమాంతర రేఖల పద్ధతి, కోనుకు కిరణ రేఖల పద్ధతి చాలు. చదరం నుంచి గుండ్రానికి మారేదానికి త్రిభుజాలుగా విడగొట్టక తప్పదు. పైచూపులో కనిపించే గీత పొడవు నిజపొడవు కాదని, ఎత్తును ఒక భుజంగాను, పైచూపు పొడవును రెండో భుజంగాను తీసుకున్న లంబకోణ త్రిభుజపు కర్ణమే నిజపొడవని, విద్యార్థి కనీసం ఒక ట్రాన్సిషన్‌నైనా రేకు మీద గీసి, కోసి, మడిచి తెలుసుకోవాలి. ఆ పని చేసినవారు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఆకారంలో ఏ రెండు గీతలను కొలిస్తే తప్పు బయటపడుతుందో ఇట్టే చెప్పగలరు. చేయనివారికి తెర మీద కనిపించే ప్రతి వక్రమూ నమ్మదగినదిగానే తోస్తుంది. రోజువారీ పనికి చేతి మార్కింగు అక్కరలేదని నేను ఒప్పుకుంటాను. ఆమోదించే సంతకం మాత్రం అది తెలిసినవారిదే అయి ఉండాలి.

రేఖాగణితం:
సంతకం అంటే మిషను ఆగి ఎదురుచూడటం. ఉదయం పంపిన ఫైలుకు సాయంత్రం వరకు ఆమోదం రాకపోతే ఆ జాప్యానికి ఎవరు జవాబుదారీ? ఆపే హక్కు కావాలనేవారు ఆ లెక్క కూడా తమ తల మీద వేసుకుంటారా?

పాతగీత:
వేసుకుంటాను. దాన్ని కాగితం మీద రాసి ఇస్తారా?

ప్లాస్మాబల్ల:
నా వరకు చుట్టు పొడవు, మందం, లోపలి ముఖం ఏదో ప్లేటు మీదే రాసి వచ్చే ఫైలు ఇస్తే చాలు. ఇవి లేని ఫైలును ఎక్కించకుండా తిప్పి పంపే వీలు మా బల్ల దగ్గర కూడా ఉండాలి.

కొలతబద్ద:
ఈ మూడింటినీ ప్రతి ఫైలులో తప్పనిసరి చేయమని పై వారికి రాస్తాను. ఆమోదించే సంతకం విషయంలో నేను మాట ఇవ్వలేను.

పైపుకోత:
నా సందేహం అలాగే ఉండిపోయింది. వెలుపలి వ్యాసంతో మూస కావాలంటే ఏ గడిలో ఏమి ఇవ్వాలి?

రేఖాగణితం:
ఎల్బోకు అయితే వ్యాసం గడిలో పైపు వెలుపలి వ్యాసానికి అట్ట మందం కలిపి ఇచ్చి, ప్లేటు మందాన్ని సున్నా చేయండి. చుట్టు పొడవు సరిగ్గా వస్తుంది. బ్రాంచీ జీనుకోతకు (మెయిన్ పైపు గుండ్రం మీద కూర్చునేలా బ్రాంచీ కొసను కోసే కోతకు) మాత్రం ఈ కిటుకు వాడవద్దు. మెయిన్ పైపు మీద కూర్చునేది బ్రాంచీ లోపలి అంచు కాబట్టి, మూస పొడవు వెలుపలి వ్యాసంతోను, కోత లోతు లోపలి వ్యాసంతోను రావాలి. 324 మి.మీ. పైపు మీద 6 మి.మీ. మందం గల 219 మి.మీ. బ్రాంచీని సున్నా మందంతో కోస్తే, రెండు పక్కలా లోపలి అంచు ముందుగా తగిలి, నెత్తి దగ్గర 5 మి.మీ.కు పైగా సందు మిగులుతుంది.

పాతగీత:
ఈ చివరి జవాబుతో మాత్రం నాకు ఏ పేచీ లేదు.