మన తీరంలో కనిపించే వెలుగులు: చూసినవారి సంఖ్య దేనికి సాక్ష్యం?

చర్చాంశం: ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సముద్రం మీద గుర్తు తెలియని వెలుగులను చూశామని ఏళ్ల తరబడి ఎందరో చెబుతూ వస్తున్నారు. ఇంతమంది చెప్పడమే అక్కడ వివరణకు అందనిదేదో ఉందనడానికి సాక్ష్యమవుతుందా?

భావనపాడు తీరవాసి:

అవుతుందనే నా అభిప్రాయం. రాత్రివేటకు వెళ్లి వచ్చినవారు ఇటువంటి వెలుగుల గురించి మాట్లాడుకోవడం నేను చిన్నతనం నుంచీ వింటున్నాను. దిక్సూచి లేని రోజుల్లో వేగుచుక్కను, పిల్లలకోడిని, గొల్లకావడిని చూసి పొద్దునూ దిక్కునూ తెలుసుకున్న కుటుంబాలు ఇవి. ఏది నక్షత్రమో, ఏది పక్క పడవ దీపమో, ఏది కళింగపట్నం దీపస్తంభం వెలుగో వీరికి తెలియదనడం అన్యాయం. ఆకాశంలో వరుసగా సాగిపోయే దీపాలన్నీ స్టార్‌లింక్ ఉపగ్రహాలేనని ఈ మధ్య చాలామంది తేల్చేస్తున్నారు. ఆ ఉపగ్రహాల మొదటి గుంపును 2019 మే నెలలో ప్రయోగించారు. మా పెద్దలు చెప్పిన సంగతులు అంతకు ఎంతో ముందువి. ఒకరిద్దరు పొరబడవచ్చు గానీ, తీరం పొడవునా ఇన్నేళ్లపాటు అందరూ పొరబడ్డారంటే నేను నమ్మలేను.

విజయనగరం భౌతికశాస్త్ర అధ్యాపకుడు:

తీరవాసి గారూ, వారు వెలుగును చూశారన్న విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. సందేహమల్లా ఆ సంఖ్య నుంచి మీరు తీస్తున్న నిర్ణయం మీదనే.

ముందుగా మన తీరం ఎక్కడ ఉందో చూడండి. క్షిపణులను పరీక్షించే, ఒడిశాలోని అబ్దుల్ కలాం ద్వీపం మీ ఊరికి ఈశాన్యంగా 400 కిలోమీటర్ల లోపే ఉంది. భూమి వంపును లెక్కలోకి తీసుకున్నా, అక్కడ ఎగిరిన క్షిపణి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు దాటేసరికి మీ దిగంతం మీదికి వచ్చేస్తుంది. అది బంగాళాఖాతం మీదుగా దక్షిణానికి సాగుతుంది కాబట్టి, మీ ఒడ్డున నిలబడినవారికి ఈశాన్యంలో లేచి, తూర్పు మీదుగా ఆగ్నేయం వైపు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. పొద్దు గుంకిన కొద్దిసేపటికి ప్రయోగిస్తే దృశ్యం మరీ విచిత్రంగా ఉంటుంది. నేల మీద చీకటి పడినా, వందల కిలోమీటర్ల ఎత్తులో ఇంకా ఎండ ఉంటుంది. పలుచని గాలిలో విప్పారిన పొగ ఆ ఎండకు పెద్ద కాంతిమేఘంలా మెరుస్తుంది. 2022 డిసెంబర్ 15 సాయంత్రం అగ్ని-5ను పరీక్షించినప్పుడు పశ్చిమ బెంగాల్‌లోనూ ఈశాన్య రాష్ట్రాల్లోనూ జనం ఆకాశంలో వింత వెలుగు కనిపించిందని కలవరపడ్డారు. శ్రీహరికోట మనకు 600 కిలోమీటర్లకు పైగా దూరమైనా, దాని విషయంలోనూ ఇదే లెక్క వర్తిస్తుంది. అయితే ఆ వెలుగు మనకు నైరుతి వైపు నుంచి, ఇంకా కిందుగా రావాలి. విశాఖపట్నం నుంచి వాతావరణ శాఖ రోజూ ఉదయం, సాయంత్రం వదిలే బెలూన్లు ముప్పై కిలోమీటర్ల ఎత్తుదాకా పోతాయి. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రమూ అక్కడే ఉంది.

అనుభవజ్ఞులు పొరబడరన్న మాటకు లద్దాఖ్ ఉదంతమే సమాధానం. సరిహద్దు మీదుగా చైనా డ్రోన్లు ఎగురుతున్నాయని భావించి మన సైనికులు నెలల తరబడి ఆకాశాన్ని గమనించి, 329 సార్లు కనిపించినట్టు రాసిపెట్టుకున్నారు. భారతీయ ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించాక అవి శుక్రుడు, గురుడు అని తేలినట్టు 2013లో వార్తలు వచ్చాయి. అక్కడ ఉన్నవారు అజాగ్రత్తపరులు కారు, కాపలాయే వారి వృత్తి. చూసింది ఒకే రెండు గ్రహాలను గనుక, 329 అన్న సంఖ్య ఆ పొరపాటును సరిదిద్దలేకపోయింది.

పలాస పాఠకురాలు:

మాస్టారూ, లద్దాఖ్ విషయంలో మీరు ఒక ముఖ్యమైన సంగతిని దాటవేశారు. ఆ గుట్టు విప్పగలిగింది సైనికులు ప్రతిసారీ వేళనూ దిక్కునూ రాసిపెట్టినందువల్లనే. మన దగ్గర అటువంటి రాత లేదు. చూసినట్టు చెప్పినవారిని తాగి చూశావా అని అడిగితే, మరుసటిసారి చూసినవాడు నోరు విప్పడు. ఆ ఎగతాళి వల్ల మనకు పోతున్నది సమాచారమే. గుర్తు తెలియని ఎగిరే వస్తువులను చూశామన్న నివేదికలను పరిశీలించే బ్లూ బుక్ ప్రాజెక్టును అమెరికా వైమానిక దళం 1969లో మూసేనాటికి 12,618 నివేదికలు పోగయ్యాయి. వాటిలో 701 గుర్తించలేనివిగానే మిగిలాయి. మన తీరం నుంచి పన్నెండు నివేదికలైనా తేదీతో సహా ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

భావనపాడు తీరవాసి:

నేను చెబుతున్నదీ ఆ 701 గురించే. ఎన్ని వివరణలు ఇచ్చినా కొంత మిగిలే ఉంటుంది.

విజయనగరం భౌతికశాస్త్ర అధ్యాపకుడు:

మిగిలింది కాబట్టి అది అసాధారణమని అనలేం. తేల్చడానికి చాలినంత వివరం లేనివి కూడా ఆ మిగిలిన వాటిలోనే చేరతాయి. 2021 జూన్‌లో అమెరికా గూఢచార విభాగం 144 నివేదికలను పరిశీలించి, ఒక్కదానినే గట్టిగా గుర్తించగలిగింది. అది గాలి తగ్గిపోతున్న పెద్ద బెలూన్. మన చర్చకు అంతకన్నా పనికివచ్చే మాట ఒకటి ఆ నివేదికలో ఉంది. సైనిక శిక్షణ క్షేత్రాల చుట్టూనే ఎక్కువ నివేదికలు రావడానికి, అక్కడ పరికరాలూ గమనించే కళ్లూ ఎక్కువగా ఉండడమే కారణం కావచ్చునని వారు రాశారు. మన తీరంలోనూ అదే జరుగుతోందని నా వాదన. వీధి దీపాల కింద తలుపులు వేసుకుని నిద్రపోయే పట్టణంలో ఆకాశాన్ని చూసేది ఎవరు? తెల్లవార్లూ చీకటి సముద్రం మీద, తూర్పు దిగంతానికి ఎదురుగా మేలుకుని ఉండేది మీవారే. నివేదికల సంఖ్య చూసే కళ్ల సంఖ్యను చెబుతుంది, ఎగిరే వస్తువుల సంఖ్యను కాదు.

దీనిని పరీక్షించవచ్చు కూడా. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజుల్లో నివేదికలు గణనీయంగా తగ్గితే నా మాట నిలుస్తుంది. తగ్గకపోతే మీ మాటకు బలం చేకూరుతుంది.

భావనపాడు తీరవాసి:

తీరం తెలియనివారికి ఈ పరీక్ష బాగానే కనిపిస్తుంది. మోటారు లేని తెప్పలకు నిషేధం వర్తించదు. పైగా అవి నడివేసవి రోజులు. ఉక్కపోతకు ఇళ్లలో ఉండలేక మా వాళ్లు ఇసుకలోనే పడుకుంటారు. ఆకాశాన్ని చూసే కళ్లు ఆ నెలల్లో పెరుగుతాయే గానీ తగ్గవు.

పలాస పాఠకురాలు:

తీరవాసి గారి అభ్యంతరం సరైనదే. అయితే దానివల్ల పరీక్షను వదులుకోనక్కరలేదు, కొంచెం మారిస్తే చాలు. ఇసుకలో పడుకున్నవారు పదకొండు గంటలకల్లా నిద్రపోతారు. వేటలో ఉన్నవారు తెల్లవారుజాము దాకా మేలుకుంటారు. కాబట్టి మొత్తం నివేదికలను కాక, అర్ధరాత్రి తరువాతి వాటిని మాత్రమే నిషేధ కాలంలోనూ మిగతా నెలల్లోనూ పోల్చాలి. వర్షాకాలంలో మబ్బు అడ్డుపడుతుంది గనుక జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలతోనే ఆ పోలిక పెట్టాలి. తేదీ, వేళ, ఏ దిక్కున లేచి ఏ దిక్కుకు పోయింది, ఎంతసేపు కనిపించింది అన్న నాలుగు విషయాలు చాలు. క్షిపణి పరీక్షలకు ముందు బంగాళాఖాతంలో ఫలానా ప్రాంతానికి వెళ్లవద్దని విమానాలకూ నౌకలకూ హెచ్చరికలు జారీ అవుతాయి. ఆ తేదీలను మాస్టారు సేకరించగలిగితే, ఊళ్లలో అడిగి రాసుకునే పని తీరవాసి గారు తీసుకోవాలని నా మనవి. మాస్టారి దగ్గరున్న తేదీలు మాత్రం రాతపని పూర్తయ్యేవరకు ఊళ్లలో ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే చూసినవారి జ్ఞాపకం ఆ తేదీల వైపు జరిగిపోతుంది.