ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్: సెట్టింగ్ మారిస్తే చాలా, పార్టే మార్చాలా?

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కాల్చేవాళ్లు కాస్త చెప్పండి. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పీసీపీ (ముందే నింపిన గాలి సిలిండర్‌తో పనిచేసే) పిస్టల్, మెకానికల్ ట్రిగ్గర్. ట్రిగ్గర్ రెండు దశల్లో నొక్కాలి, మొదటి దశ మెత్తగానే వస్తుంది. రెండో దశలోనే గొడవ: వేలు గట్టిగా ఆగదు, ఇసుక పడ్డట్టు గరగరమంటూ ఇంకాస్త జరిగి అప్పుడు పేలుతుంది. ఆలోపు ఫ్రంట్ సైట్ ఎడమకి, కిందికి పోతుంది. పదిలో పడాల్సింది ఎనిమిదిలో పడుతోంది. పెల్లెట్ లేకుండా కాల్చే డ్రై ఫైర్‌లోనూ అదే గరగర.

రెండో దశ స్క్రూ కొంచెం తిప్పితే సరిపోతుందా, లేక సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా పేలకుండా పట్టి ఉంచే భాగం) అరిగిందా? స్ప్రింగ్ వదులు చేద్దామంటే ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువుకి ఆగాలన్న రూల్ ఉంది. పోటీలో బరువు వేలాడదీసినప్పుడు పేలిందంటే కథ కంచికే. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్న మొరీని కంపెనీ పిస్టల్ కొనుక్కోమని కోచ్ సలహా, కానీ ఇప్పట్లో అంత డబ్బు లేదు. సియర్‌ని సొంతంగా రుద్దే ధైర్యమూ లేదు. హైదరాబాద్‌లో ఈ పని నమ్మకంగా చేసేవాళ్లెవరైనా ఉన్నారా?