రెడ్ హౌస్: ఆధునిక ఇల్లు ఇక్కడే మొదలైందా?

పెంకుటిల్లు:
లండన్ శివారు బెక్స్‌లీహీత్‌లోని రెడ్ హౌస్‌ని కవి, డిజైనర్ విలియమ్ మోరిస్ కోసం వాస్తుశిల్పి ఫిలిప్ వెబ్ 1859-60లో కట్టించాడు. ఆధునిక గృహాల చరిత్రకు ఇదే నాంది అని జర్మన్ వాస్తుశిల్పి ముథేసియస్ 1900ల మొదట్లో రాశాక అందరూ అదే పాట ఎత్తుకున్నారు. మీరేమంటారు?

దూలం:
నేను ఒప్పుకోను. వెబ్ అంతకుముందు పనిచేసిందే వాస్తుశిల్పి జార్జ్ ఎడ్మండ్ స్ట్రీట్ ఆఫీసులో. స్ట్రీట్, మరో వాస్తుశిల్పి బటర్‌ఫీల్డ్ ఇద్దరూ 1850ల్లోనే పాస్టర్ల ఇళ్లు ఇలాగే కట్టారు. అదే ఎర్ర ఇటుక, ఏటవాలు పెంకుల కప్పు, మొనదేలిన కమానులు. శిష్యుడు గురువుగారి పద్ధతిలో బాగానే కట్టాడు, అంతే.

ఇటుకబట్టి:
అవి చర్చి నీడలో ఉండే ఇళ్లు కదండీ! ఇక్కడ కట్టించుకున్నది పాతికేళ్ల డబ్బున్న కుర్రాడు. ఆ రోజుల్లో కలిగినవాళ్లు ఇటుక కనబడకుండా పైన పూత పూయించి, రాతి భవనంలా కనిపించాలని తాపత్రయపడేవారు. మోరిస్ ఇంట్లో బయట గోడలకు పూతే లేదు. లోపల పొయ్యిగూడు కూడా ఇటుకదే. ఇక కిటికీలు చూడండి: ఒకచోట పైకి జరిపే అద్దాల కిటికీ, ఇంకోచోట గుండ్రటిది, దేని పొంతనా దేనికీ లేదు. లోపలి గదికి ఏది కావాలో అది పెట్టాడు. ముందు ముఖద్వారం వైపు బొమ్మ గీసి, దాని వెనక గదులు ఇరికించే అలవాటుకి ఇది పూర్తిగా తలకిందులు. నాకు నచ్చేది అదే. (పెరట్లో బావి మీద ఆ శంకువు ఆకారపు పెంకుల టోపీ మాత్రం కాస్త ఎక్కువే!)

దూలం:
గదికి కావలసింది పెట్టాడంటున్నారు, మరి ఎండ? ముఖ్యమైన గదులు చాలావరకు ఉత్తరం వైపే. చలిదేశంలో అదేం ప్లాను? మోరిస్ 1865లోనే ఖాళీ చేసి వెళ్లిపోయాడు.

ఇటుకబట్టి:
చలి సంగతి నిజమే, అది వెబ్ లెక్క తప్పడమే. కానీ వెళ్లిపోవడానికి అదొక్కటే కారణం కాదు. మోరిస్ మిత్రులతో కలిసి 1861లో పెట్టిన గృహాలంకరణ కంపెనీ లండన్‌లో ఉంది, రోజూ అంత దూరం తిరగాలి. పైగా 1864లో మోరిస్ జబ్బుపడ్డాడు. ఇంటిని పెంచి తన స్నేహితుడు, చిత్రకారుడు బర్న్-జోన్స్ కుటుంబంతో కలిసి ఉందామనుకుంటే, వాళ్లు రామన్నారు.

పెంకుటిల్లు:
అయితే "మొదటిది" అన్న బిరుదు నిలవదు. పద్ధతి ముందే ఉంది. దాన్ని పాస్టర్ల ఇళ్ల నుంచి మామూలు కాపురానికి తెచ్చింది మాత్రం ఇదేనని నేననుకుంటున్నా. దూలం గారూ, దీనికంటే ముందు అలా తెచ్చిన ఇల్లు ఏదైనా ఉంటే పెట్టండి.